“టైమయింది, లెగండి” అనేవాడు లేని ఆటలు

హనుమాన్ జంక్షన్: విజయవాడ నుండి ఏలూరు పోయే జాతీయ రహదారికి ఒక పక్క నుండి నూజివీడు రోడ్డు, మరొక పక్క నుండి గుడివాడ రోడ్డు వచ్చి కలిసేచోట ఆంజనేయస్వామి కొలువై వున్నాడు. ఊరికి పేరు ఆయన వల్లనే వచ్చింది. 2001లో ఇదే పేరుతో సినిమా వచ్చాక రాష్ట్రమంతటా ఈ పేరు మారుమోగిందిగాని, బస్సు మారేవాళ్ళకు, లారీ డ్రైవర్లకు, నూజివీడు మామిడికాయల వ్యాపారులకు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుండే ఈ సెంటరు తెలుసు. కొత్త బైపాసు పడ్డాక పెద్ద లారీలు చాలావరకు ఊరి బయటినుండే పోతున్నాయి. అయినా సాయంత్రం ఆరు దాటితే ఇక్కడి సందడి తగ్గలేదు.

ఆ సందడికి కాస్త ఎడంగా ఒక సందు మొదట్లో సెల్ ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు వున్నది. ముందు భాగంలో అద్దాల బల్ల, దాని మీద విప్పి పెట్టిన ఫోన్లు, చిన్న చిన్న స్క్రూలు పోసిన సీసా మూతలు. వెనక గోడవారన పాత దుప్పటి కప్పిన రెండు టి.వి.లు, వాటి కింద నల్లటి యంత్రం ఒకటి, పొడవాటి చెక్క బెంచీ ఒకటి. బెంచీ మీద ఇప్పుడు అట్టపెట్టెలున్నాయి. 1997 నుండి 2014 వరకు ఆ బెంచీ మీద చోటు దొరకడమే కష్టంగా వుండేది. అప్పుడది వీడియో గేముల కొట్టు. యజమానిని ఊళ్ళో కుర్రాళ్ళందరూ “గేముల బాబాయి” అనేవారు. ఆ కుర్రాళ్ళకు ఇప్పుడు పిల్లలు పుట్టారు. వాళ్ళూ అదే పిలుపు పిలుస్తున్నారు.

ఆయన వయసు నలభై ఎనిమిది. తన పేరు ప్రకటించవద్దని కోరారు. ఎందుకన్నది చదువుతూ పోతే పాఠకులకే తెలుస్తుంది.

వీడియో గేముల వ్యాపారం ఇవాళ ఏడాదికి సుమారు 18 వేల కోట్ల డాలర్లది. ప్రపంచమంతటా సినిమా హాళ్ళలో తెగే టిక్కెట్ల విలువకు ఇది అయిదు రెట్లకు పైమాటే. సినిమా గురించి మాట్లాడేవారు ప్రతి టీకొట్టు దగ్గరా వున్నారు. గేముల గురించి మాట్లాడేవారు రెండే రకాలు. పిల్లలు చెడిపోతున్నారని తిట్టేవారు ఒకరు, లోకం మరిచి ఆడేవారు మరొకరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఆటలు ఆడినవాడు, పదిహేడేళ్ళు పదిమంది చేత ఆడించి పొట్ట పోసుకున్నవాడు, ఇప్పుడు అవే ఆటలున్న ఫోన్లు బాగుచేస్తున్నవాడు ఏమంటున్నాడో వినదగినదే.

క్యాసెట్టులో గాలి వూది

కొట్టు మొదలైంది ఒక లారీ డ్రైవరు పుణ్యాన. మద్రాసు బర్మాబజారు నుండి ఆయన ఒక టి.వి. గేము తెచ్చాడు. ఇంట్లో పిల్లలు రెండు రోజుల్లో పాడుచేశారు. బాగుచేయమని ఇచ్చిన ఆ డబ్బాను మన బాబాయి బాగుచేసి, డబ్బులిచ్చి తానే వుంచేసుకున్నాడు. పాత పద్నాలుగు అంగుళాల టి.వి. ఒకటి కొన్నాడు. అరగంటకు అయిదు రూపాయలని బోర్డు రాశాడు. మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, బాతుల్ని తుపాకీతో కొట్టే ఆట. క్యాసెట్టు పట్టకపోతే తీసి కింది వైపు గాలి వూది మళ్ళీ పెట్టడం. ఆ రోజులు ఎరిగినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఆ డబ్బాలు అసలువి కావు. జపానుకు చెందిన నింటెండో కంపెనీ 1983 జులైలో “ఫామికామ్” అనే యంత్రాన్ని విడుదల చేసింది. తర్వాత దానికి తైవాన్‌లోను, చైనాలోను లెక్కలేనన్ని నకళ్ళు తయారయ్యాయి. మన దేశానికి వచ్చినవి ఎక్కువగా ఆ నకళ్ళే. క్యాసెట్టు అట్ట మీద “9999 ఆటలు” అని వుండేది. లోపల వుండేవి పట్టుమని పాతిక కూడా కావు. అవే ఆటలు పేర్లు మార్చి, రంగులు మార్చి మళ్ళీ మళ్ళీ వచ్చేవి.

“అది అబద్ధమే. కాని ఒక్క పూటలో కుర్రాడికి తెలిసిపోయే అబద్ధం” అంటారు ఆయన. “ఇరవై ఏడో నంబరు నొక్కితే మళ్ళీ మొదటిదే వస్తే వాడే నవ్వేవాడు. ఇప్పటి ఆటల్లో అబద్ధం ఎక్కడుందో బి.టెక్. చదివినోడికి కూడా ఆర్నెల్లకు గాని తెలియట్లేదు.”

ఆయనకు బాగా ఇష్టమైన కథ ఒకటి వున్నది. అమెరికాలో అటారీ కంపెనీ 1972లో “పాంగ్” అనే ఆట తయారుచేసి, మొదటి యంత్రాన్ని కాలిఫోర్నియాలోని సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బారులో పెట్టింది. తెరకు అటొక గీత, ఇటొక గీత, మధ్య ఒక చుక్క. ఆటంతా అంతే. కొద్ది రోజులకే యంత్రం పనిచేయడం లేదని కబురొచ్చింది. వెళ్ళి విప్పి చూస్తే చెడిపోయిందేమీ లేదు. వేసిన నాణాలతో డబ్బా నిండి పొర్లిపోయి, ఇంకో నాణెం పట్టక ఆగిపోయిందట.

ఈ కథ చెప్పి ఆయన అసలు సంగతికి వస్తారు. నాణెం వేసే యంత్రమైనా, అరగంటకు అయిదు రూపాయల కొట్టయినా, కూర్చున్నవాడు లేస్తేనే యజమానికి లాభం. లేచినచోట ఇంకొకడు కూర్చుంటాడు. “టైమయింది, లెగండి” అని రోజుకు వందసార్లు అనేవాడినని ఆయన చెబుతారు.

“నేను మంచివాణ్ణని కాదండీ అలా అన్నది. బెంచీ మీద ఇంకో నలుగురు కూర్చుని వుండేవాళ్ళు. వాళ్ళ డబ్బులు కూడా కావాలిగా నాకు. ఫోనుకు బెంచీ లేదు. వాడి వెనక ఎవడూ కాచుకుని లేడు. అందుకని వాణ్ణి లేవనిస్తే కంపెనీకి నష్టం.”

వీడియో ఆటల వ్యాపారంలో గత యాభై ఏళ్ళలో వచ్చిన మార్పంతా ఆ బెంచీ లేకపోవడంలో వున్నదని ఆయన వాదన. బొమ్మలు బాగుపడటం, యంత్రాల వేగం పెరగటం తర్వాతి మాటలు.

స్వామివారి డిస్కు

2004లో ఆయన విజయవాడ నుండి రెండు పాత ప్లేస్టేషన్-2 యంత్రాలు తెచ్చారు. సోనీ కంపెనీ ఈ రంగంలోకి రావడమే విచిత్రం. నింటెండో యంత్రానికి సి.డి. అమర్చే పని మొదట సోనీకే ఒప్పజెప్పారు. 1991లో నింటెండో ఆ ఒప్పందం వదిలేసి మరో కంపెనీతో చేతులు కలిపింది. సోనీ పట్టుదలకు పోయి, 1994 డిసెంబరులో సొంత యంత్రమే తెచ్చింది. 2000లో వచ్చిన రెండవ ప్లేస్టేషన్ ప్రపంచంలో 16 కోట్లకు పైగా అమ్ముడైంది. తయారీ ఆగేనాటికి 2013 వచ్చింది.

మన వైపు అది అంతగా వ్యాపించడానికి కారణమేమిటని అడిగితే ఆయన దాపరికం లేకుండా చెబుతారు. దొంగ డిస్కులు. యంత్రంలో ఒక చిన్న చిప్పు అతికిస్తే నకలు డిస్కులు కూడా ఆడేవి. “మేమందరం అవే వేశాం. అసలు డిస్కు వెల పెట్టి కొంటే నా కొట్టు నెలకే మూతపడేది. కష్టపడి చేసినోడికి ఒక్క పైసా ముట్టలేదు. అది తప్పే. కాదని ఎట్లా అంటాను?”

ఆయన డబ్బు పెట్టి కొన్న అసలు డిస్కులు రెండే రెండు. రెండూ హైదరాబాదులో తయారైనవే. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ “హనుమాన్: బాయ్ వారియర్” అనే ఆటను ప్లేస్టేషన్-2 కోసం తయారుచేసింది. సోనీ దానిని విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన మొదటి కన్సోల్ ఆటగా దానికి పేరు. రెండవది “దేశీ అడ్డా”. గేమ్‌శాస్త్ర అనే మరో హైదరాబాదు సంస్థ దానిలో కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాల వంటి ఆటలు చేర్చింది.

హనుమంతుడి ఆట మీద అమెరికాలో అప్పట్లో పెద్ద రభస జరిగింది. రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు, దేవుణ్ణి ఆటగాడి చేతిలో మీటకు కట్టిపడేయడం తగదని, ఆ ఆటను వెనక్కి తీసుకోవాలని గట్టిగా అడిగారు. కంపెనీ తీసుకోలేదు. ఆట నాణ్యతను మాత్రం విమర్శకులు మెచ్చలేదు.

మరి సాక్షాత్తు హనుమాన్ జంక్షన్‌లో ఆ డిస్కుకు ఏమైంది? మొదటి రోజు కుర్రాళ్ళు చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చున్నారట. రెండవ రోజు ఒకడు ఆడుతుండగా స్వామి కొండమీద నుండి పడి ఆట అయిపోయింది. ఫోను కార్డు కొనడానికి వచ్చిన పెద్దాయన అది చూసి, “ఏరా, ఆంజనేయుడు చావడమేంట్రా?” అని కేకలేశాడు. కుర్రాళ్ళ దగ్గర సమాధానం లేదు. బాబాయి దగ్గరా లేదు. మంగళవారం, శనివారం ఆ డిస్కు వేయకూడదని ఒక నియమం పెట్టారు. కొన్నాళ్ళకు మిగిలిన రోజుల్లో కూడా ఎవరూ అడగలేదు. ఇప్పుడది గోడకున్న పటం పక్కన, అగరొత్తుల పెట్టె మీద వున్నది.

“ఆట బాగోలేదండీ. దెబ్బ కొట్టాలంటే మీట నొక్కిన కాసేపటికి కొట్టేది. కాని మనోళ్ళు చేశారు. దాన్ని నకలు కొనబుద్ధి కాలేదు” అన్నారు. ఆ తర్వాత మన తెలుగువాళ్ళు ఎంతోమంది పరాయి కంపెనీల ఆటలకు బొమ్మలు గీసి, లెక్కలు రాసి జీతాలు తీసుకుంటున్నారుగాని, తెలుగు పిల్లవాడు తెలుగులో ఆడుకునే ఒక పెద్ద ఆట రాలేదని ఆయన బాధ. ఇది చాలామందికి పట్టని బాధ.

మాస్టారి ఫిర్యాదు

అయితే ఆ కొట్టు గురించి ఊళ్ళో అందరిదీ ఒకే మాట కాదు. పక్క గ్రామంలో హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఒక మాస్టారు, బాబాయి మాటల్లో సగమే నిజమంటారు. బడి ఎగ్గొట్టిన పిల్లలను చెవులు పట్టుకుని ఆ బెంచీ మీద నుండే తాను లాక్కుపోయేవాడినని ఆయన గుర్తుచేశారు. “టైమయింది లెగమన్నాడు, నిజమే. కాని డబ్బుల్లేవంటే ఖాతా రాసుకుని మళ్ళీ కూర్చోబెట్టింది కూడా ఆయనే” అన్నారు.

బాబాయి దీనిని కాదనలేదు. లేచి వెళ్ళి అటక మీద నుండి కట్టగట్టిన పాత నోటు పుస్తకాలు తీశారు. ఏ సీటు, ఎన్ని గంటల నుండి ఎన్ని గంటల వరకు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ అన్నీ రాసి వున్నాయి. 2003 నాటి పుస్తకంలో ఒక కుర్రాడి పేరు కింద బాకీ 85 రూపాయలు. ఆ బాకీ తీర్చడానికి వాడు తండ్రి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. తండ్రి కొట్టుకు వచ్చి నలుగురిలో అడిగాడు. ఆ రోజు నుండి ఖాతా ఎత్తేశారు. పుస్తకంలో ఆ తేదీ కింద అడ్డగీత వున్నది. ఆ తర్వాత ఒక్క బాకీ కూడా లేదు.

మేనల్లుడి లెక్క

ఇక అసలు విషయం. ఆయన అక్కయ్యను ఏలూరు కాలవ కింద ఒక పల్లెలో ఇచ్చారు. కౌలు వ్యవసాయం. ఆమె కొడుకు చిన్నప్పుడు సెలవులకు వచ్చి మేనమామ కొట్లోనే పడివుండేవాడు. డబ్బులివ్వకుండా ఆడిన ఒకే ఒక్కడు వాడు. బి.కాం. చదివాడు. ఇంట్లో బ్యాంకు ఖాతా ఫోను మీద నడపడం తెలిసిందీ వాడికే.

2019లో అయిదు నెలల్లో ఆ కుర్రాడు ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడి 3 లక్షల 40 వేల రూపాయలు పోగొట్టాడు. దాళ్వా ధాన్యం అమ్మిన డబ్బు లక్షా 86 వేలు, తల్లి గాజులు కుదువబెట్టి తెచ్చిన 90 వేలు, ఫోనులోనే అప్పులిచ్చేవాళ్ళ దగ్గర తీసుకున్న 64 వేలు. అప్పులవాళ్ళు బంధువులందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాక గాని ఇంట్లో తెలియలేదు.

అక్కయ్య జంక్షన్‌కు వచ్చి, కొట్టు మెట్ల మీద నిలబడి, “నువ్వే నేర్పావురా వాడికి ఆట” అన్నది. తర్వాత నాలుగేళ్ళు ఆ మెట్లు ఎక్కలేదు. పండక్కి పిలుపుల్లేవు.

ఆ మాట నిజమా కాదా అని తాను చాలా రాత్రులు ఆలోచించానని బాబాయి చెప్పారు. చివరకు ఆయన చేసిన పని, తెలిసిన పనే. మేనల్లుణ్ణి పిలిచి, బ్యాంకు నుండి లెక్కల కాగితాలు తెప్పించి, ఇద్దరూ కూర్చుని ఒక కొత్త నోటు పుస్తకంలో, పాత కొట్టు పద్ధతిలోనే, తేదీ, టైము, మొత్తం అన్నీ చేత్తో రాశారు. మూడు ఆదివారాలు పట్టింది.

ఆ పుస్తకం చూస్తే కొన్ని సంగతులు బోధపడతాయి. డబ్బు పెట్టింది మొత్తం 271 సార్లు. అందులో 190 సార్లు రాత్రి పదకొండు దాటిన తర్వాత. పెట్టినది 3 లక్షల 81 వేలు, వెనక్కి వచ్చింది 41 వేలు. మొదటి వారంలో 500 పెడితే 2,300 వచ్చాయి. ఒకే రాత్రి పందొమ్మిది సార్లుగా 46 వేలు పోయిన పేజీ ఒకటున్నది. ఆ పేజీ రాస్తున్నప్పుడు కుర్రాడు మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయాడు.

“పుస్తకం రాశాక నాకు తేడా తెలిసింది” అన్నారు బాబాయి. “నా కొట్లో ఆడినోడికి ఎంత ఖర్చయిందో కూర్చోకముందే తెలుసు. వీడికి అయిదు నెలలయ్యాక, మేమిద్దరం రాస్తే గాని తెలియలేదు.”

ఆయన ఇంకొక లెక్క కూడా వేసి చూపారు. ఇటువంటి ఆటల్లో కంపెనీ ప్రతి పందెంలోను నూటికి పది, పదిహేను వరకు తన వాటా తీసుకునేది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ సమానమైన ఆటగాళ్ళే అనుకుందాం. వంద రూపాయలు వాళ్ళ మధ్య ఒకసారి తిరిగితే పది పోయి తొంభై మిగులుతాయి. రెండోసారికి ఎనభై ఒకటి. ఏడుసార్లు తిరిగేటప్పటికి నలభై ఎనిమిది కూడా వుండవు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అనేదానితో నిమిత్తం లేదు. సంక్రాంతి బరుల దగ్గర గుండాట ఆడించేవాడు కూడా ఇంత నిలకడగా సంపాదించడు. పైగా ఆ గుండాట మూడు రోజులకు అయిపోతుంది.

కోర్టు మాట, చట్టం మాట

రమ్మీ విషయంలో మన రాష్ట్రానికి ఒక చరిత్ర వున్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన జూదం కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసు 1968 తీర్పుగా పేరుపడింది. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలని, ఏది వుంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలని, కనుక అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని కోర్టు చెప్పింది. ఫోనులో రమ్మీ ఆడించిన కంపెనీలన్నీ దశాబ్దాల తర్వాత పట్టుకున్నది ఈ వాక్యాన్నే.

అయితే అదే తీర్పులో ఇంకొక మాట కూడా వున్నది. పందెం పెట్టి ఆడే ఆట మీద ఇంటి యజమాని గాని, క్లబ్బు గాని లాభం తీసుకుంటున్నట్లు రుజువైతే నేరం కావచ్చునని. బాబాయి ఈ సంగతిని ఎక్కడో చదివి కాగితం మీద రాసి పెట్టుకున్నారు. “మొదటి సగం అందరూ చదివారు. రెండో సగం ఎవరూ చదవలేదు” అని ఆయన విసుగు.

తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఫోను రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించి నిషేధం తెచ్చారు. అక్కయ్య గాజులు పోయి అప్పటికి ఏడాది. 2023 అక్టోబరు నుండి కేంద్రం ఈ ఆటల పందేల మీద నూటికి 28 వంతున జి.ఎస్.టి. వేసింది. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నేర్పా, అదృష్టమా అన్న తేడా ఈ చట్టంలో లేదు. ఆడించేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ళు, 50 లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు. ఇ-స్పోర్ట్స్ అనే పోటీ ఆటలకు మాత్రం గుర్తింపు ఇచ్చారు. చట్టం రాగానే పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద కనిపించిన డ్రీమ్11 పేరు కూడా ఆ నెలలోనే పోయింది.

చట్టాన్ని బాబాయి మెచ్చుకుంటున్నారు. సగమే పని జరిగిందని కూడా అంటున్నారు. డబ్బు నేరుగా పందెం కాయని ఆటల్లో కూడా ఆ పద్ధతే మెల్లగా దూరిందని ఆయన అనుమానం. ఆట ఉచితం. తుపాకీకి రంగు కావాలన్నా, ఆగిన మెట్టు దాటాలన్నా డబ్బు. కొన్నింటిలో డబ్బిచ్చి మూసిన పెట్టె కొనాలి, లోపల ఏమున్నదో తెరిచాక గాని తెలియదు. బెల్జియం దేశం 2018లోనే ఇటువంటి పెట్టెలను జూదంగా లెక్కగట్టింది. మన చట్టంలో వాటి ఊసు అంతగా లేదు.

పబ్జీ గురించి అడిగితే మాత్రం ఆయన కుర్రాళ్ళ పక్షమే. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఆ ఆటను మరి 117 యాప్‌లతో కలిపి నిషేధించినప్పుడు జంక్షన్ కుర్రాళ్ళు దిగులుపడ్డారు. మరుసటి ఏడు జులైలో అది వేరే పేరుతో వచ్చింది. “దానిలో నిద్ర పోయింది, చదువు కొంత పోయింది. గాజులు పోలేదు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు” అని ఆయన అన్నారు.

ఇప్పటి యంత్రాల మాట

కొత్త కన్సోల్‌ల మీద ఆయనకు మోజు లేకపోలేదు. ప్లేస్టేషన్-5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైంది. అప్పట్లో డిస్కు వేసే యంత్రం వెల 49,990 రూపాయలు, డిస్కు లేనిదాని వెల 39,990గా వుండేది. ఈ రెండవదాని మీద ఆయనకు మంట. డిస్కు వుంటే అమ్ముకోవచ్చు, పక్కింటివాడికి ఇవ్వొచ్చు, ఇరవై ఏళ్ళ తర్వాత దుమ్ము తుడిచి వేసుకోవచ్చు. డిస్కు లేకపోతే కంపెనీ దయ. ఫ్రాన్సుకు చెందిన యుబిసాఫ్ట్ కంపెనీ “ది క్రూ” అనే కార్ల ఆటను 2014లో అమ్మి, 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి కొన్నవారి దగ్గర డిస్కు వున్నా ఆట లేదు.

నింటెండో మీద మాత్రం ఆయనకు గౌరవం. అందులోనూ ఒక తమాషా వున్నది. నింటెండో 1889లో జపానులోని క్యోటో నగరంలో మొదలైంది పేకముక్కలు తయారుచేయడానికి. ఆ ముక్కలతో అక్కడివాళ్ళు జూదం ఆడేవారు. “పేకముక్కల కంపెనీ పిల్లల ఆటలకు వచ్చింది. ఇక్కడ పిల్లల ఆటలు నేర్చినోడు పేకముక్కలకు పోయాడు” అని మేనల్లుడే ఒకసారి అన్నాడట. బాబాయి నవ్వలేదు.

ఆ కుర్రాడు ఇప్పుడు కోళ్ళ దాణా కంపెనీలో లెక్కలు రాస్తున్నాడు. నెలకు ఆరు వేలు అప్పు కింద కడుతున్నాడు. గాజులు విడిపించాడు. ఇంకా కొంత మిగిలివున్నది. ఆదివారాలు కొట్టుకు వచ్చి ఫోన్ల పనిలో సాయం చేస్తాడు. పాత ప్లేస్టేషన్ లెన్సు డిస్కు చదవడం మానేసింది. విజయవాడ నుండి వేరే లెన్సు తెచ్చి మార్చే పనిలో ఇద్దరూ వున్నారు.

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కయ్య ఫోను అద్దం పగిలిందని వచ్చింది. మెట్ల మీదే ఆగి, తర్వాత లోపలికి వచ్చి బెంచీ మీద అట్టపెట్టెలు పక్కకు జరిపి కూర్చున్నది. బల్ల మీదున్న నోటు పుస్తకం ఏమిటని అడిగింది. ఆమెకు చదువు రాదు. కొడుకును చదవమన్నది. వాడు మొదట చదవనన్నాడు. తర్వాత చదివాడు. రాత్రి ఒంటిగంటా పది, రెండు వేలు. ఒంటిగంటా ఇరవై అయిదు, రెండు వేలు. ఒంటిగంటా నలభై, మూడు వేలు. రెండు పేజీలు విని “చాల్లే” అన్నది.

అద్దం వేయడం అయ్యేదాకా మాట్లాడలేదు. ఫోను చేతికి తీసుకుని, “అప్పట్లో నీ కొట్టు రాత్రి ఎన్నింటికి కట్టేసేవాడివిరా?” అని తమ్ముణ్ణి అడిగింది.

“తొమ్మిదిన్నరకి, అక్కయ్యా.”

ఆమె బల్ల మీద అద్దం డబ్బులు పెట్టింది. ఆయన వద్దనలేదు, తీసుకున్నారు. గుడివాడ బస్సు వచ్చే వేళయిందని లేచింది. కొడుకు సంచీ పట్టుకుని బస్టాండు దాకా వెంట వెళ్ళాడు.